జబ్బూ దాచం, పేరూ దాచం

క్యాన్సర్ అనగానే మన దగ్గర ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సినిమా. 'ఆనంద్' (1971)లో రాజేశ్ ఖన్నా అందర్నీ నవ్విస్తూ నవ్విస్తూ పోతాడు. 'ప్రేమాభిషేకం' (1981)లో అక్కినేని జబ్బును మనసులో పెట్టుకుని ప్రేమనే వదులుకుంటాడు. రోగి మంచివాడై ఉండాలి, పెదాల మీద నవ్వు చెదరకూడదు, ఆఖరి రీల్లో పోవాలి. పోకుండా పదహారేళ్లు బట్టలు కుట్టుకుంటూ, కోడళ్లతో కొట్లాడుకుంటూ, ఖట్టాలో పులుపు తక్కువైందని కసురుకుంటూ బతికే రోగి కథ ఎవరూ తియ్యలేదు. అది మా ఇంట్లో ఉంది కాబట్టి మేం రాస్తున్నాం.

మేం అంటే ముగ్గురం తోబుట్టువులం. మాది నల్లగొండ. అమ్మీ ఇంట్లో మిషన్ కుడుతుంది. అబ్బా గడియారాలు బాగుచేసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ పని సగం తినేశాయి. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. అమ్మీ ఒక్క మాటలోనే రెండూ కలిపి మాట్లాడుతుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గాని ఆమె నోట్లో ఉన్న రుచి కాగితం మీదికి రాదు.

2009 మొదట్లో అమ్మీకి నలభై ఎనిమిదేళ్లు. నడిస్తే ఆయాసం. రాత్రిపూట చెమటలకు దిండు తడిసేది. రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. ఎడమ పక్కటెముకల కింద గట్టిగా ఏదో తగులుతోందని చెప్పింది. ఒళ్లు నొప్పులంటే మా జిల్లాలో ఎవరైనా ముందు నీళ్లనే తిడతారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లున్న జిల్లా మాది. గల్లీ డాక్టర్ కూడా ఆ మాటే అని గోళీలిచ్చాడు. కడుపు తడిమి చూసి "బల్ల పెరిగింది" అన్నది మాత్రం మా పక్కింటి ముసలమ్మ. వెనకటి రోజుల్లో మలేరియా వచ్చినోళ్లకు ప్లీహం పెరిగేది, దాన్నే బల్ల అనేవాళ్లు. డాక్టర్ చెయ్యి పెట్టి చూడని చోట ఆమె చెయ్యి పెట్టి చూసింది.

నెత్తురు పరీక్ష చేయిస్తే తెల్లకణాలు 2,10,000. మామూలుగా నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉండాలి. పట్నం తీసుకుపొమ్మన్నారు. నడుము ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. క్రానిక్ మైలాయిడ్ లుకీమియా అన్నారు. సీఎంఎల్. నెత్తురు తయారయ్యే చోట ఒక కణంలో తొమ్మిదో క్రోమోజోమ్ ముక్కా ఇరవై రెండో క్రోమోజోమ్ ముక్కా విరిగి ఒకదాని చోటుకు ఇంకొకటి పోయి అతుక్కుంటాయి. అలా మారిన ఇరవై రెండో క్రోమోజోమ్‌ను ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు. 1960లో అమెరికాలోని ఆ ఊళ్లో ఇద్దరు పరిశోధకులు దాన్ని మొదట చూశారు కాబట్టి ఆ పేరు. 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ ముక్కలు అటూ ఇటూ మారిన సంగతి కనిపెట్టింది. ఈ అతుకు నుంచి పుట్టే ప్రొటీనే కణాలను ఆగకుండా పెంచుతూ పోతుంది.

ఈ సంగతంతా మాలో పెద్దవాడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని అమ్మీకి ఉర్దూలో చెప్పాడు. అమ్మీ విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "మనల్నే బయట్నుంచి వచ్చినోళ్లంటరు. ఇప్పుడు నా నెత్తుట్లకు గూడ బయటి ఊరు పేరు పెట్టిండ్రా?"

ఆస్పత్రి మెట్ల మీద నవ్వొచ్చింది మాకు. ఏడుపు కూడా వచ్చింది. రెండూ వచ్చాయని రాయడమే న్యాయం.

రిపోర్టులో "పాజిటివ్" అని ఉంది. ఫిలడెల్ఫియా పాజిటివ్. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "పాజిటివ్‌గా ఉండాలె" అనేవాళ్లు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. ఆ మాట చెప్పేవాళ్ల మంచితనం మీద మాకు అనుమానం లేదు. కానీ రోగం వచ్చినవాళ్లకు నవ్వే పని కూడా అప్పగించడం అన్యాయం. నవ్వకపోతే రోగం ముదిరింది నీ వల్లేనని తర్వాత అనొచ్చు కదా! మా వాళ్లు ఇదే మాట ఇంకో తీరుగా అంటారు: "సబర్ కరో." సబర్ అంటే మూతి బిగించుకుని కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. హజ్రత్ యాకూబ్ కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడేదాకా ఏడ్చాడు. అయినా ఆయన సబర్‌కు పేరుపడ్డవాడే. ఈ సంగతి చిన్నప్పుడు మాకు చెప్పింది అమ్మీయే. ఆ ఏడాది ఆమె మిషన్ మీద తల పెట్టి ఏడ్చిన రోజులున్నాయి. మేం ఆపలేదు. ఏడ్చాక లేచి సూదిలో దారం ఎక్కించుకునేది.

మందు ఉంది. దాని పేరు ఇమాటినిబ్. 2001లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవాళ్లకు కొన్నేళ్ల బతుకే, లేదంటే తోబుట్టువుల మూలుగ కలిస్తే మార్పిడి. ఇమాటినిబ్ వచ్చాక లెక్క మారిపోయింది. మొదట్లో ఈ గోళీ ఇచ్చి చూసినవాళ్లలో పదేళ్ల తర్వాత కూడా నూటికి 83 మంది బతికే ఉన్నారని 2017లో తేలింది. రోజుకు 400 మిల్లీగ్రాములు, అన్నంతో, పెద్ద గ్లాసు నీళ్లతో. అంతే. ఆ అతుకు ప్రొటీన్‌కు తాళం వేసే గోళీ అది. పెద్ద జబ్బంటే పెద్ద మెషిన్లూ ఆపరేషన్లూ అనుకున్నాం. వచ్చింది గోళీల డబ్బా.

ఆ డబ్బా వెనక ఎంత కథ ఉందో మాకు తర్వాత తెలిసింది. దాన్ని కనిపెట్టిన నోవార్టిస్ కంపెనీ మన దేశంలో అమ్మిన ధర నెలకు లక్షా ఇరవై వేల దాకా. మన దేశపు కంపెనీల గోళీ ఎనిమిది, పది వేలు. అలా తయారుచేసినవాటిలో హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా ఉంది. 2003లో నోవార్టిస్‌కు ఇక్కడ ఒంటరిగా అమ్ముకునే హక్కు దొరికింది. 2006లో చెన్నై పేటెంట్ ఆఫీసు వాళ్ల పేటెంటు దరఖాస్తును తోసేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పాత మందునే కొంచెం మార్చి కొత్తదని చెప్పుకుంటే చాలదు, రోగికి దానివల్ల అదనంగా మేలు జరగాలి అంటుంది మన పేటెంట్ చట్టంలో 3(డి) సెక్షన్. ఆ ఒక్క సెక్షన్ మీద మా అమ్మీ ఊపిరి ఆనుకుని ఉందని తెలిసిన రోజుల్లో అబ్బా పొద్దున్నే 'సియాసత్' తెచ్చి ముందు కోర్టు వార్తలు చూసేవాడు. 2013 ఏప్రిల్ 1న తీర్పొచ్చింది. కంపెనీ ఓడింది. తీర్పిచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు ఆఫ్తాబ్ ఆలం, ఇంకొకరు రంజనా ప్రకాశ్ దేశాయ్. పేరు చూసి సంబరపడొద్దని మాకూ తెలుసు. చట్టానికి మతం లేదు. అయినా అబ్బా ఆ పేరును పైకి రెండుసార్లు చదివాడు. పొద్దస్తమానం పోలీసు వార్తల్లోనే మా పేర్లు చదువుకునేవాళ్లకు ఆ మాత్రం ఉంటుంది.

ఎనిమిది వేలు మాకు తక్కువ కాదు. అబ్బా సంపాదనా అమ్మీ సంపాదనా కలిపితే అంత వచ్చేది. మొదటి ఏడాది అమ్మీ గాజులు పోయాయి. పక్కింటి అక్క చిట్టీ నడిపేది. వంతు రాకముందే మాకు ఎత్తి ఇచ్చింది, ఎప్పుడు తీరుస్తారని అడగలేదు. మసీదు కమిటీ వాళ్లు జకాత్ డబ్బు తెచ్చారు. తీసుకోవాలా వద్దా అని ఇంట్లో పెద్ద రగడ. "బంగారం ఉన్నప్పుడు ఇచ్చినం, లేనప్పుడు తీసుకుంటం, దీంట్ల సిగ్గేంది?" అంది అమ్మీ. తర్వాత తర్వాత గోళీ ధర ఇంకా తగ్గింది. మాలో ఇద్దరికి పని దొరికింది. డబ్బు కథ అక్కడితో వదిలేస్తాం. అందరి ఇళ్లలోనూ అది ఒకే తీరుగా ఉంటుంది.

అసలు చెప్పాల్సింది దాచుకోవడం గురించి.

మొదట్లో పట్నంలో నాలుగు రోజులు ఉండాల్సి వచ్చేది. ఆస్పత్రి దగ్గర గది అద్దెకు అడిగితే ఇంటాయన "ఏ ఊరు? ఏం జబ్బు?" అని ఎంతో దయగా అడిగాడు. పేరు చెప్పగానే గది ఖాళీ లేదు. ఇంకో ఇంట్లోనూ అంతే. మా చుట్టం ఒకాయన తన అనుభవంతో సలహా ఇచ్చాడు: "బుర్ఖా తీసేయండి, పిల్లగాడు రాజు అని చెప్పుకుంటడు, నాలుగు రోజులే గదా." దాదాపు అవే రోజుల్లో ఊళ్లో ఖాలా ఇంకో సలహా ఇచ్చింది. మాలో చిన్నదానికి సంబంధాలు చూస్తున్నారప్పుడు. "ఖాన్‌దాన్‌లో ఖూన్ బీమారీ ఉందంటే ఎవరు చేసుకుంటరు? కడుపులో గడ్డ అని చెప్పుండ్రి. నిఖా అయినంక ఏమన్న కానీ."

ఇద్దరివీ మంచి మనసులే. ఇద్దరూ లోకం చూసినవాళ్లే. అమ్మీ రెండు సలహాలూ ఒకే రోజు విన్నది. రాత్రి అన్నం పెడుతూ అంది:

"ఒక దగ్గర పేరు దాచి, ఒక దగ్గర జబ్బు దాచి, ఇగ మనం ఉండేదెక్కడ బేటా?"

పేరు దాచలేదు. ఒక మెకానిక్ షెడ్డు వెనక గది ఇచ్చిన ముసలాయన దొరికాడు. జబ్బూ దాచలేదు. సంబంధం వాళ్లు వచ్చినప్పుడు చాయ్ బిస్కెట్లతోపాటే చెప్పేది: నాకు నెత్తురు క్యాన్సర్, గోళీ మింగుతున్న, బాగున్న. పిల్లకు రాదు. డాక్టర్ అదే చెప్పాడు: ఈ మార్పు పుట్టాక, ఒంట్లో ఒక కణంలో వస్తుంది, తల్లి నుంచి బిడ్డకు దిగేది కాదు. అయినా ఇద్దరు బిస్కెట్లు తిని వెళ్లిపోయి కబురు పెట్టలేదు. మూడోవాళ్లు సూర్యాపేట నుంచి వచ్చారు. పిల్లగాడి తల్లి విని, "నాకు షుగర్, రోజూ సూది" అంది. ఇద్దరూ గంటసేపు మందుల గురించే మాట్లాడుకున్నారు. కట్నం మాట మగవాళ్లు అవతల తేల్చుకున్నారు. దాని గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. 2012లో నిఖా అయింది.

ఆటోలో ఆస్పత్రికి పోయేటప్పుడు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ముందు నుంచి పోతాం. అందరూ ఎంఎన్‌జె అంటారు. ఆటోవాలా అంటాడు, పేపర్లో రాస్తారు, రోగులూ అంటారు. ఆ మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ అని ఎందరికి తెలుసు? హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసినవాడు, 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నర్. 1955లో మొదలైన ఆ ఆస్పత్రికి ఆయన పేరు. తెలంగాణ పల్లెల నుంచి ఎందరో పేదలు, ఏ కులమో ఏ మతమో చూసుకోకుండా, ఒక సాయిబు పేరున్న గేటులోంచే లోపలికి పోతున్నారు. పొట్టి చేసిన పేరు కాబట్టి ఎవరికీ కనబడదు. ఎవరూ కావాలని చెరిపింది కాదు, నోటికి సులువుగా ఉంటుందని అలా అయింది. అమ్మీకి తెలుగు చదవడం రాదు. మేం చెప్పిన దగ్గర్నుంచి ఆటోవాలాతో మాత్రం "మెహదీ నవాజ్ జంగ్ దవాఖాన మీంచి పోనీ" అంటుంది. వాడికి అర్థం కాదు. అప్పుడు మేం ఎంఎన్‌జె అంటాం.

ఒక ల్యాబ్ కౌంటర్లో జరిగింది చెప్తాం. అమ్మీ టోకెన్ వచ్చింది. పేరు చదివి కౌంటర్లో కుర్రాడు, పక్కవాడు వినేలా, "వీళ్లకు పిల్లలు ఎక్కువ, రోగాలూ ఎక్కువే" అన్నాడు. మాకు చెవులు మండాయి. అమ్మీ బల్ల మీద చెయ్యి ఆనించి తెలుగులో అడిగింది: "నాకు ముగ్గురు కొడుకా. మీరెందరు?" వాడు నోరు జారి "నలుగురం" అన్నాడు. "మంచిగుండుండ్రి" అని చెయ్యి చాపి నెత్తురు తియ్యమంది. ఆ తర్వాత వాడు మారిపోయాడని, అమ్మీ కాళ్లకు దండం పెట్టాడని రాస్తే కథ బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. రిపోర్టు మాత్రం చెప్పిన టైముకే ఇచ్చాడు.

గోళీ మేలు చేసింది, వేధించింది కూడా. పొద్దున లేస్తే కళ్ల కింద సంచులు. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి కేకలు పెట్టేది. మేం వంతులేసుకుని కాళ్లు పిసికేవాళ్లం. కడుపులో తిప్పడం. ఇంకో విచిత్రం, ఒంటి రంగు తేలింది. ఈ గోళీతో కొందరికి అలా అవుతుందట. "బూబమ్మా, ఏం క్రీము రాస్తున్నవ్, తెల్లగైనవ్?" అని గల్లీలో ఆడవాళ్లు అడిగితే, "నెలకు ఎనిమిది వేల క్రీము, మింగాలె" అనేది. ఒకామె నిజంగానే పేరు రాసిమ్మంది.

మొదట్లో ఇచ్చినవి క్యాప్సూల్స్. పైతొడుగు జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసే జిలాటిన్ అని ఎవరో చెప్పారు. హలాలా, హరామా? ప్రాణం నిలబెట్టే మందుకు వేరే దారి లేనప్పుడు జరూరత్ కింద చెల్లుతుందని మౌల్వీసాబ్ అన్నారు. తర్వాత ఒకటే 400 మిల్లీగ్రాముల బిళ్ల రాసిచ్చారు, ఆ గొడవా పోయింది.

రంజాన్ మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. రోగం ఉన్నవాళ్లు ఉపవాసం వదిలేయొచ్చు, ఇందులో అనుమానం లేదు. నయమయ్యే రోగమైతే తర్వాత ఆ రోజులు పూర్తిచేసుకోవాలి. నయం కాని రోగమైతే ఒక్కో ఉపవాసానికి ఒక పేదకు రెండు పూటలా అన్నం పెట్టాలి. 2009 రంజాన్ ముందు మౌల్వీసాబ్ అడిగారు: "నయమయ్యేదా, కాదా?" డాక్టర్ను అడిగితే, "గోళీ వేసుకున్నన్ని రోజులూ అదుపులో ఉంటుంది" అన్నాడు. నయం కాదు, నయం కాకుండానూ పోదు. ఈ రెండింటి మధ్య బతికే మనుషులు ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. షుగర్ వాళ్లు, బీపీ వాళ్లు, మా అమ్మీ లాంటి వాళ్లు. మౌల్వీసాబ్ మంచివాడు, తొందరపడకుండా ఆలోచించారు. ముందు అన్నం పెట్టండి, శక్తి వస్తే రోజా ఉండండి అన్నారు. ఆ ఏడు ముప్పై రోజులు మా గుమ్మంలో ఒక అడ్డామీది కూలీకి రెండు పూటలా భోజనం. ఆయన పేరు అమ్మీ అడగలేదు, మతం కూడా అడగలేదు. 2011 రంజాన్‌కు డాక్టర్ ఒప్పుకున్నాడు: గోళీ ఇఫ్తార్ తర్వాత అన్నంతో, నీళ్లు బాగా తాగాలి, కళ్లు తిరిగితే వెంటనే ఆపెయ్యాలి. ఆ రంజాన్‌లో ఇరవై రెండు రోజాలు ఉంది. మిగతావాటికి మళ్లీ అన్నం పెట్టింది.

అమ్మీకి ఒక కొలతల పుస్తకం ఉంది. బ్లౌజులు, కుర్తాలు, పిల్లల గౌన్లు, అన్నింటి కొలతలూ ఉర్దూ అంకెల్లో రాసుకుంటుంది. మూణ్ణెల్లకోసారి చేసే పీసీఆర్ పరీక్ష అంకె కూడా అందులోనే రాసేది. ఆ చెడ్డ జన్యువు నెత్తుట్లో ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష అది. 0.1 శాతం కన్నా తగ్గితే మంచిది. ఛాతీ 36, పొడుగు 14, భుజం 13, దాని కింద 4.2. ఇంకో పేజీలో కాలరు, చేతులు, దాని కింద 0.6. ఏడాదిన్నరకు 0.08. ఆ పేజీలో ఉన్న బ్లౌజు ఎవరిదో కూడా ఆమెకు గుర్తుంది. ఆ బ్లౌజు వాళ్లు ఇంకా పదిహేను రూపాయలు బాకీ అట.

నల్లగొండలో లతీఫ్ సాబ్ గుట్ట ఉంది. పైన దర్గా. ఉర్సుకు హిందువులూ ముస్లిములూ ఎక్కుతారు. 2009లో కడుపులో బల్లతో అమ్మీ కింద మెట్ల దగ్గరే ఆగిపోయింది. 2011లో సగం. ఆ తర్వాతేడు పైదాకా. పైకి పోయి ఏం మొక్కుకున్నావని అడిగితే, "మోకాళ్లు" అంది. నెత్తురు సంగతి డాక్టర్ చూసుకుంటాడు, మోకాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదట. దర్గాలకు పోవద్దని మాలో కొందరు వాదిస్తారని మాకు తెలుసు. ఆమెతో వాదించి చూడమనండి.

పట్నంలో ఆస్పత్రి వరండాలో ఒకసారి ఎవరో కరీమ్ అబ్దుల్ జబ్బార్ సంగతి చెప్పారు. ఏడడుగుల రెండంగుళాల మనిషి, అమెరికాలో బాస్కెట్‌బాల్‌కు పెద్ద పేరు. 1971లో ముస్లిం పేరు పెట్టుకున్నాడు. 2008 డిసెంబరులో ఆయనకూ ఇదే జబ్బని తేలింది, 2009 నవంబరులో లోకానికి చెప్పాడు. మందుల కంపెనీ తరఫున ప్రచారకుడిగానే చెప్పాడు, అదీ దాచాల్సింది కాదు. అయినా చెప్పాడు. అమ్మీకి ఆయన ఆట అక్కర్లేదు. "ఏడడుగుల మనిషికీ ఇదే గోళీయేనా?" అని మాత్రం అడిగింది. మూడు నెలలు తేడాతో ఇద్దరికీ ఒకటే జబ్బు. ఆయన్ను వరసకు తమ్ముణ్ని చేసుకుంది. ఆమె కన్నా ఆయనే పద్నాలుగేళ్లు పెద్ద అని చెప్పినా వినదు.

2020 గురించి రాయకుండా ముగించలేం. మార్చి నెలాఖర్లో లాక్‌డౌన్. అదే రోజుల్లో ఢిల్లీ మర్కజ్ వార్త. వారం తిరిగేసరికి టీవీల్లో కరోనా మా పేరు పెట్టుకుంది. కూరగాయల బండ్ల వాళ్లను పేరు అడిగి వెనక్కి పంపిన రోజులవి. అమ్మీ డబ్బాలో పదకొండు గోళీలున్నాయి. బస్సుల్లేవు. నల్లగొండలో ఆ గోళీ దొరకలేదు. ఒక మెడికల్ షాపాయన తెప్పిస్తానని ఒప్పుకుని, రెండో రోజు "మీ గల్లీ నుంచి ఎవరూ రావొద్దు" అన్నాడు. గోళీ ఆపితే రోగం తిరిగి లేస్తుందని మాకు తెలుసు. రోజూ రాత్రి డబ్బా ఊపితే చప్పుడు పలచబడుతూ వచ్చింది. చిట్టీ అక్క కొడుకు పాలవ్యానుకు డ్రైవర్, అతనికి పాసుంది. తనంతట తానే వచ్చి చీటీ అడిగాడు. రెండు నెలల గోళీలు తెచ్చి గేటు మీద పెట్టి, దూరం నిలబడి, "బూబమ్మా, లెక్క చూసుకో" అని కేకేశాడు. గల్లీలో అందరూ కిటికీల్లోంచి చూస్తుండగా కేకేశాడు. తర్వాత వాళ్ల వాళ్లే అతన్ని ఏమేం అన్నారో మేం విన్నాం. ఇక్కడ రాయం.

ఆ షాపాయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. తలనొప్పి గోళీ కావాలన్నా అమ్మీ ఆ షాపుకే పోతుంది, డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది, మాట్లాడదు. ఇంకో షాపుకు పోవచ్చు కదా అంటే, "నేను ఇంక బతికే ఉన్నట్టు వానికి తెల్వాలె గద" అంటుంది.

అబ్బా 2018లో గుండెపోటుతో పోయాడు. ఇంట్లో రోగి ఎవరని అడిగితే మేమంతా అమ్మీ వైపు చూసే రోజుల్లో, ఏ జబ్బూ లేని అబ్బా పోయాడు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ అమ్మీ గడప దాటలేదు. మిషన్ ఆగలేదు. గోళీ ఆగలేదు.

ఇప్పుడు ఆమెకు అరవై నాలుగు. నలుగురు మనవలు. కొన్నేళ్లుగా పరీక్షలో ఆ జన్యువు జాడ కనబడడం లేదు. ఈసారి డాక్టర్ కొత్త మాట చెప్పాడు. ఇన్నేళ్లు ఇంత బాగా ఉన్నవాళ్లకు గోళీ ఆపి చూడొచ్చట. ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది. అప్పుడు మళ్లీ గోళీ మొదలుపెడితే ఎక్కువమందికి మళ్లీ అదుపులోకి వస్తుంది. మొదటి ఏడాది మాత్రం ఇంచుమించు నెలనెలా పరీక్ష చేయించుకోవాలి. తొందరేం లేదు, ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నాడు.

మాట్లాడుకుంటున్నాం. మాలో పెద్దవాడు వద్దంటాడు, చిన్నది సరేనంటుంది. అమ్మీ లెక్క వేరు. గోళీ ఆపితే కళ్ల కింద సంచులు పోతాయా అని అడిగింది. పోవచ్చన్నాడు డాక్టర్. తెల్లరంగు? అదీ పోవచ్చు. దానికి కొంచెం ఆలోచించింది. మరి నెలనెలా పట్నం పోవుడంటే ఖర్చు కాదా అని మేమంటే, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా అని మాకే గుర్తుచేసింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిస్తాడు. ఆ టికెట్లన్నీ కొలతల పుస్తకంలో దాస్తోంది, ఎందుకో చెప్పదు.

రంజాన్ అయినంక చెప్తనని డాక్టర్‌కు ఫోన్ చేయించింది. ముందు పండగ బట్టలు కుట్టాలి, పదిహేడు జతలు ఒప్పుకుంది.